గోనె, నులక, కొబ్బరి పొట్టు: కుక్కకీ పిల్లికీ ప్లాస్టిక్ లేని సామాను ఎలా సమకూర్చుకోవాలి

పెంపుడు జంతువుల దుకాణాల్లో ఇప్పుడు సగం సామాను మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంటోంది. పరుపు, గిన్నె, బొమ్మ, షాంపూ, అన్నీ ‘పర్యావరణ హితమే’. ధర చూస్తే కొన్నిచోట్ల మనిషి పరుపు కన్నా కుక్క పరుపే ఖరీదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉంటూ వీటిని ఆన్‌లైన్లో తెప్పించుకోవడం నాకు వింతగానే ఉంటుంది. గోగునార పండేది ఇక్కడ. గోనె నేసే మిల్లులు వెలిసింది ఇక్కడ. నెల్లిమర్ల జూట్ మిల్లు పేరు వినని విజయనగరం మనిషి ఉండడు. కొబ్బరి పీచుకి శ్రీకాకుళం తీరాన ఉద్దానం ఉంది, ఖద్దరు నూలుకి పొందూరు ఉంది. కాబట్టి కొనాల్సింది తక్కువే, కుట్టుకోవాల్సిందీ అల్లించుకోవాల్సిందీ ఎక్కువ.

అయితే చెట్టు నుంచి వచ్చిందల్లా జంతువుకి మంచిదనుకుంటే దెబ్బతింటారు. ఉల్లిపాయ చేలో పండేదే, కుక్క రక్తాన్ని పాడుచేస్తుంది. జీడిపిక్క తొక్క మన ఉద్దానం సరుకే, ముట్టుకుంటే బొబ్బలెక్కిస్తుంది. అందుకే కింద ఏం వాడాలో చెప్పిన ప్రతిచోటా ఏం వాడకూడదో కూడా చెప్పాను. రెండోదాన్ని దాటేసి చదవకండి.

మొదలుపెట్టే ముందు ఇంట్లో ఇప్పటికే ఉన్న ప్లాస్టిక్ గిన్నెల్నీ బెల్టుల్నీ చెత్తలో పారేయకండి. విరగని దాన్ని పారేసి కొత్తది తేవడంలో పర్యావరణానికి ఒరిగేదేమీ లేదు. పాడైనవాటి స్థానంలో ఒక్కొక్కటిగా మార్చుకుంటూ రండి. ముందు పడకతో మొదలుపెట్టండి, అది అన్నిటికన్నా సులువు.

పడక: గోనెతో ఒకటి, నులకతో ఒకటి

అరుగు మీద పాత గోనె పరిచి కుక్కని పడుకోబెట్టడం మన ఇళ్ళలో కొత్తేమీ కాదు. దాన్నే శ్రద్ధగా కుడితే కొన్నేళ్ళు నిలుస్తుంది.

సంచి అసలు నారదేనా కాదా అన్నది ముందు చూసుకోండి. ఇప్పుడు బియ్యం, దాణా, ఎరువు చాలావరకు ప్లాస్టిక్ నేత సంచుల్లోనే వస్తున్నాయి, అలవాటు కొద్దీ వాటినీ గోనెలే అంటున్నాం. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించండి. నారైతే కాలి బూడిదవుతుంది, ప్లాస్టిక్కయితే కరిగి గట్టి ఉండ కడుతుంది. ఎరువులు, పురుగుమందులు మోసిన సంచి ఎంత శుభ్రంగా కనబడినా వద్దు. విత్తనాల సంచి లోపల గులాబీ రంగో నీలం రంగో పొడి అంటుకుని ఉంటే అది విత్తనానికి పట్టించిన తెగుళ్ళ మందు, అదీ వద్దు. జీడిపిక్కలు నింపిన సంచి ఊరికే వచ్చినా తీసుకోకండి.

కొత్త గోనెకి కిరసనాయిలు లాంటి వాసన వస్తుంది. మిల్లులో నార మెత్తబడడానికి నూనె చల్లుతారు, మామూలుగా అది ఖనిజ తైలం. కుక్క ముక్కుకి ఆ వాసన మనకన్నా ఎన్నో రెట్లు ఘాటు. అందుకని సంచిని వేడినీళ్ళలో కాస్త బట్టల సోడా వేసి రాత్రంతా నానబెట్టండి. పొద్దున్న ఉతికి, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించి, రెండు మంచి ఎండలు తగలనివ్వండి. వాసన ఇంకా ఉంటే మళ్ళీ ఒకసారి. ధాన్యం, పప్పులు మోసి మోసి మెత్తబడిన పాత సంచికి ఈ బాధ ఉండదు, దొరికితే అదే నయం.

కొలతకి టేపు అక్కర్లేదు. కుక్క కాళ్ళు చాపుకుని పక్కకి పడుకున్నప్పుడు ముక్కు నుంచి తోక మొదలు దాకా ఎంతుందో చూసి, దానికి ఇంకో జానెడు కలపండి. లోపల నింపడానికి చిరిగిన నూలు చీరలు, పంచెలు పీలికలుగా చింపి వాడండి. బూరుగు దూది పాత దిండ్లలో ఉంటే అంతకన్నా మంచిది లేదు. శుభ్రం చేసిన కొబ్బరి పీచూ పనికొస్తుంది, కానీ బరువైన కుక్కకి త్వరగా అణిగిపోతుంది. వరిగడ్డి వేసవిలో బాగానే ఉంటుంది గానీ మన తేమకి బూజు పడుతుంది, వాడితే వారం వారం మార్చాలి. ఊక వద్దు, గుచ్చుకుంటుంది, ధూళి లేస్తుంది.

తర్వాత దబ్బనం, పురికొస తీసుకుని మూడు వైపులా కుట్టేయండి. నాలుగో వైపు గుడ్డ నాడాలతో ముడి వేయండి. జిప్పు, గుండీలు పెడితే పిల్లకుక్క కొరికి మింగుతుంది. గోనె గరుకు కాబట్టి ముసలి కుక్కలకీ బరువైన కుక్కలకీ మోచేతుల దగ్గర చర్మం ఒరిసి కాయలు కాస్తుంది, అందుకని పైన పాత దుప్పటితోనో పంచెతోనో గలీబు తొడగండి. పొందూరు ఖద్దరు కుక్కకి పరచమని ఎవరూ అనరు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, చేత్తో వడికి, మగ్గం మీద నేసిన గుడ్డ అది. కానీ తాతగారు ఏళ్ళ తరబడి కట్టి ఇక కట్టలేమని వదిలేసిన పంచె ఉంటే, అంత మెత్తటి గలీబు ఏ దుకాణంలోనూ దొరకదు.

వానాకాలం వచ్చేసరికి గోనె పరుపుకి చిక్కు మొదలవుతుంది. ఆగస్టు నుంచి తుపాన్ల రోజులు అయ్యేదాకా నేల చెమ్మ కింద నుంచి పట్టి బూజు వాసన వస్తుంది. దానికి మన పాత మందు నులకమంచం. ఇంట్లో పాడైన మంచం పట్టెలుంటే వడ్రంగి చేత కుదించి చిన్న చట్రం కట్టించండి. కోళ్ళు జానెడు ఎత్తుంటే చాలు. నులక అల్లేవాళ్ళు ఊళ్ళలో ఇంకా ఉన్నారు, “కుక్కకి మంచవేటి బాబూ!” అని నవ్వినా అల్లిపెడతారు. నులక కొంచెం వదులుగా అల్లమనండి, కింద నుంచి గాలి ఆడుతుంది. మే నెల ఉక్కలో కుక్క నేలనీ వదిలి ఆ మంచమే ఎక్కుతుంది. ప్లాస్టిక్ వైరుతో అల్లించకండి. ఎండకి పెళుసెక్కి ముక్కలై రాలే ఆ పోగుల్ని కుక్క నములుతుంది.

నులకకి ఉన్న ఒకే ఒక లోపం సందులు. నల్లులు చేరినట్టే కుక్క పిడుదులూ అక్కడ చేరతాయి. మన పెద్దవాళ్ళు నల్లులకి చేసిన పనే దీనికీ చేయాలి. పదిహేను రోజులకోసారి మంచాన్ని వాకిట్లో నిలబెట్టి, పట్టెల బెజ్జాల్లో సలసల కాగే నీళ్ళు పోసి, ఎండలో ఆరబెట్టండి.

గిన్నెలు

దీని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తిండికి స్టీలు గిన్నె, నీళ్ళకి మట్టిమూకుడు. గీతలు పడ్డ ప్లాస్టిక్ గిన్నెలో జిడ్డూ సూక్ష్మజీవులూ నిలిచి, కొన్ని పిల్లులకి గడ్డం కింద నల్లటి పొక్కులు వస్తాయి. కుమ్మరి దగ్గర కొనేటప్పుడు లోపల రంగు గానీ మెరుపు పూత గానీ లేని మూకుడే తీసుకోండి, కొన్ని పూతల్లో సీసం ఉంటుంది. కొన్నాక ఒక రోజంతా నీళ్ళలో ఉంచి తర్వాత వాడండి. మట్టి చెమ్మగిల్లి ఆ చెమ్మ ఆవిరవుతుంది కాబట్టి నీళ్ళు చల్లగా ఉంటాయి. రెండు మూడు రోజులకోసారి పీచుతో తోమి ఎండలో పెట్టకపోతే పాచి పడుతుంది. మన జిల్లా బుడితిలో చేసే ఇత్తడి గిన్నె ఇంట్లో ఉంటే చూడ్డానికి బాగుంటుంది గానీ అందులో పెరుగన్నం, పులుపు తగిలిందేదీ పెట్టకండి, లోహం తిండిలోకి దిగుతుంది.

పిల్లి మన్ను: బజారు సంచికి బదులు కొబ్బరి పొట్టు

పిల్లి మన్ను అంటే పిల్లి మలమూత్రాల కోసం తొట్టెలో పోసి ఉంచేది. పట్నాల్లో పిల్లిని ఇంట్లోనే పెంచేవాళ్ళకి నెలనెలా పెద్ద ఖర్చు ఇదే. బజారులో దొరికే గడ్డకట్టే పిల్లి మన్ను చాలావరకు బెంటొనైట్ బంకమన్ను. భూమి తవ్వి తీస్తారు, వాడాక కుళ్ళదు, చెత్తలో బరువు పెంచుతుంది. మరుగుదొడ్లో పోస్తే ఉబ్బి గొట్టం మూసేస్తుంది. దీనికి బదులు మనకి దొరికేది కొబ్బరి పొట్టు. పీచు తీసే చోట మిగిలే గోధుమరంగు పొడి అది. కవిటి, కంచిలి, సోంపేట దిక్కున తెలిసినవాళ్ళుంటే సంచి నింపుకుని రావచ్చు. లేకపోతే నర్సరీలో ఇటుకలుగా అమ్ముతారు. 650 గ్రాముల ఇటుక నానితే దాదాపు ఒక బక్కెట్టు పొట్టు వస్తుంది.

ఇటుకని తొట్టెలో పెట్టి కొంచెం కొంచెంగా నీళ్ళు చల్లండి. విచ్చుకున్నాక చేత్తో నలిపి, పాత దుప్పటి మీద పల్చగా పరిచి ఎండబెట్టండి. ఇది తప్పనిసరి. తడి పొట్టు మూత్రాన్ని పీల్చదు, పిల్లి కాళ్ళకి అంటుకుని ఇల్లంతా మరకలవుతుంది. ఆరాక జల్లెడ పడితే సన్నధూళి రాలిపోతుంది, లేకపోతే పిల్లికీ మీకూ తుమ్ములే. వెడల్పాటి తొట్టెలో రెండు మూడు అంగుళాల మందాన పోయండి. పాత రేకు ట్రే అయినా, అంచు తక్కువున్న గోలెం అయినా సరే.

పిల్లికి మార్పు గిట్టదు. మొదటి రోజే పాత మన్ను తీసేసి కొత్త పొట్టు పోస్తే మీ మంచం మీద పోసి నిరసన తెలుపుతుంది. పాత మన్నులో గుప్పెడు పొట్టు కలపడంతో మొదలుపెట్టి, రెండు వారాల్లో నెమ్మదిగా వంతు పెంచండి. పెంట గడ్డల్ని రోజూ తీసేయండి. తడిసిన చోటు కలియబెట్టండి. మొత్తం పొట్టు వారానికోసారి మార్చండి, వానాకాలంలో ఇంకా ముందే. ఖాళీ తొట్టెని వేడినీళ్ళతో, సబ్బుతో కడిగి ఎండలో పెట్టండి. ఫినాయిలు మాత్రం వాడొద్దు. అందులోని ఫినాల్ జాతి రసాయనాల్ని పిల్లి కాలేయం విడగొట్టలేదు, కాళ్ళు నాక్కుంటే చాలు విషం లోపలికి పోతుంది.

రోజూ తీయమనడానికి ఇంకో కారణం ఉంది. పిల్లి పెంటలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గుడ్లుండొచ్చు. బయటపడ్డాక ఒకటి నుంచి ఐదు రోజుల్లో అవి మనిషికి సోకే స్థితికి వస్తాయి. ఆలోపు తీసేస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని వేరేవాళ్ళు చేయాలి. వాడిన పొట్టుని ఆకుకూరల మడిలో వేయకండి, కూరగాయల ఎరువులోనూ కలపకండి.

పొట్టు దొరక్కపోతే కోతమిల్లు నుంచి రంపపు పొట్టు తెచ్చుకోవచ్చు. ప్లైవుడ్ కోసిన పొట్టు అయితే జిగురు కలిసి ఉంటుంది, దాన్ని అడిగి తప్పించండి. ఊక నీటిని పీల్చదు. తౌడుకి చీమలూ ఎలుకలూ వస్తాయి. పిల్లికి కాలక్షేపమే గానీ మీకు కాదు. సముద్రపు ఇసుక ఉప్పు. వంశధార, నాగావళి ఇసుక గురించి అయితే అడగనే వద్దు, ఆ నదుల్లో తోడింది చాలు.

ఇక జీడిపిక్క తొక్క. పలాస, కాశీబుగ్గ వైపు ఇది గుట్టలుగా కనిపిస్తుంది, పొయ్యిల్లోకి వాడతారు. కుళ్ళేదే కదా, చవకే కదా అని పిల్లి తొట్టెలోకో కుక్క పరుపులోకో వేయాలనిపించొచ్చు. వద్దే వద్దు. ఆ తొక్కలో చర్మాన్ని కాల్చే నూనె ఉంటుంది. పిక్కలు కొట్టి పప్పు తీసే ఆడవాళ్ళ వేళ్ళు నల్లబడి ఉండడం చూసినవాళ్ళకి ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. జంతువు పాదాలు ఒట్టివి, పైగా అది వాటిని నాకుతుంది.

బొమ్మలు, గోకుడు కంబం, బెల్టు

పాత నూలు బట్ట మూడు పీలికలు చేసి బిగుతుగా జడ అల్లి, రెండు చివరలా ముడి వేస్తే లాగి ఆడే బొమ్మ తయారు. ముడులు కుక్క నోట్లో మొత్తం పట్టనంత పెద్దవిగా ఉండాలి. పోగులు ఊడడం మొదలైన రోజున తీసి పారేయండి. నారైనా నైలానైనా పొడుగు పోగు పేగుల్లో చిక్కుకుంటే ఆపరేషనే గతి. పిల్లులకి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, దారం ఉండతో వాటిని ఒంటరిగా వదలకండి. కొబ్బరి చిప్ప ముక్కలు, మామిడి టెంక, తాటి టెంక బొమ్మలు కావు. చిప్ప పెంకు పళ్ళని విరుస్తుంది, టెంక గొంతుకో పేగుకో అడ్డం పడుతుంది.

పిల్లి గోకడానికి కంబం చేయడం అరపూట పని. మూడు అడుగుల కర్ర ముక్క, దుంగైతే ఇంకా మంచిది, వెడల్పాటి చెక్క మీద నిలబెట్టి మేకులు కొట్టండి. పిల్లి ఒళ్ళు విరుచుకుని వేలాడినా ఊగకూడదు. ఊగితే ఇంక ఆ దరిదాపులకి రాదు, సోఫాయే గోకుతుంది. కింద నుంచి పైకి గోగునార తాడు సందు లేకుండా బిగించి చుట్టండి. కొబ్బరి తాడు కూడా నిలుస్తుంది కానీ కొన్ని పిల్లులకి ఆ గరుకు నచ్చదు. జిగురు రాయొద్దు, మొదట్లో చివర్లో చిన్న మేకు చాలు. తాడు అరిగితే విప్పి కొత్తది చుట్టుకోవచ్చు. అది పడుకునే చోటికి దగ్గర్లో పెట్టండి, నిద్ర లేవగానే గోకడం దాని అలవాటు.

బెల్టుకి నవారు వాడండి. మంచాలకి అల్లే నూలు నవారు చిన్న, మధ్య రకం కుక్కలకి సరిపోతుంది. రెండు వరుసలు కలిపి చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర కుట్టించి, ఒక చివర ఇనుప హుక్కు వేయించండి. మెడకీ పట్టీకీ మధ్య రెండు వేళ్ళు దూరాలి. బలమైన పెద్ద కుక్కకి నవారు చాలదు, తోలు బెల్టు కొనండి. తడిసిన నవారు కుళ్ళుతుంది కాబట్టి వానలో నడిచొచ్చాక ఆరేయండి.

బారువ, కళింగపట్నం, చింతపల్లి లాంటి తీరాల్లో కుక్కని తిప్పేవాళ్ళకి ఒక మాట. శీతాకాలం చివర నుంచి వేసవి మొదలుదాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు పొదగడానికి నెలన్నర పైన పడుతుంది. వాసన పట్టి గుంట తవ్వే జంతువుల్లో కుక్కలు ముందుంటాయి. ఆ నెలల్లో చీకటి పడ్డాక ఒడ్డున బెల్టు విప్పకండి. ఎన్ని నార బొమ్మలు కొన్నా ఈ ఒక్క పని చేయకపోతే ఏం లాభం?

తిండి

కుక్క బిస్కెట్లు ఇంట్లో చేయడానికి మన చోళ్ళు, అంటే రాగులు, బాగా పనికొస్తాయి. రెండు గ్లాసుల చోడిపిండి, ఒక గ్లాసు గోధుమపిండి, ఉడకబెట్టి చిదిమిన చిలగడదుంప ఒకటి, గుడ్డు ఒకటి కలిపి గట్టిగా ముద్ద చేయండి. ఉప్పు, బెల్లం, నూనె ఏమీ వద్దు. చపాతీ కన్నా మందంగా ఒత్తి ముక్కలు కోసి, ఓవెన్ ఉంటే 160 డిగ్రీల దగ్గర అరగంట పైన, లేకపోతే మందపాటి పెనం మీద మూతపెట్టి సన్న సెగన రెండు వైపులా కాల్చండి. పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టండి. మన వాతావరణంలో వారం దాటితే మెత్తబడి బూజు పడతాయి, బూజు పట్టింది పారేయాల్సిందే. ఇవి చిరుతిండి మాత్రమే, రోజు తిండిలో పదోవంతు దాటకూడదు.

చేపల బజారులో పారేసే తలకాయలు, కోళ్ళ దుకాణంలో మిగిలే కందనకాయలు, కాళ్ళు కుక్కకీ పిల్లికీ మంచి మాంసకృత్తులు. మనిషి తినని భాగాలు వాడడం వల్ల అదనంగా ఒక కోడినీ పెంచక్కర్లేదు. నా లెక్కలో ఇంతకన్నా పర్యావరణ హితమైన తిండి లేదు. ఉడకబెట్టి, ఎముకలు తీసేసి పెట్టండి. ఉడికిన ఎముక సూదుల్లా చీలుతుంది. ఎండు నెత్తళ్ళు, కవ్వళ్ళు పెట్టేవాళ్ళు ఉప్పు పట్టించనివి అడిగి తెచ్చుకుని, ఇసుక పోయేలా కడిగి నానబెట్టి ఉడికించండి. పిల్లికి రోజూ చేపే పెట్టకండి, విటమిన్ల లోటు వస్తుంది. అలాగే పిల్లిని శాకాహారిని చేయాలని చూడకండి. టారిన్ అనే పోషకం దానికి మాంసం నుంచే రావాలి, లేకపోతే చూపు పోతుంది, గుండె పాడవుతుంది.

మిగిలిన పులుసన్నం కుక్కకి వేయడం మన దగ్గర మామూలు. అందులోని ఉల్లి, వెల్లుల్లి కొద్దికొద్దిగా దాని ఎర్ర రక్తకణాల్ని చంపుతాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా కుక్కకి విషమే. పోపు పెట్టక ముందే దాని వాటా తీసి పక్కన పెట్టడం అలవాటు చేసుకోండి.

స్నానం, పిడుదులు, చెరువు

కుక్కకి సబ్బు బదులు పెసరపిండి చాలు. పెసలు రెండు వంతులు, శనగలు ఒక వంతు మెత్తగా పట్టించండి. పసుపు, అత్తరు ఏమీ కలపొద్దు. ఒళ్ళు బాగా తడిపి, పిండిని పల్చటి ముద్దగా కలిపి రుద్ది, వేళ్ళకి జారుడు తగలనంతవరకు కడిగేయండి. వెంట్రుకల్లో మిగిలితే పులిసి దురద పుడుతుంది. నెలకోసారి చాలు. పిల్లికైతే స్నానమే అక్కర్లేదు, రోజూ దువ్వెన చాలు. కుంకుడుకాయ కళ్ళల్లో పడితే మండిపోతుంది, నాకితే వాంతులవుతాయి. దాని నురుగు చేపలకి విషం కూడా, కాబట్టి ఆ నీళ్ళు చెరువులో కలవనివ్వకండి.

పిడుదుల దగ్గరికొచ్చేసరికి ‘సహజ’ అన్న మాట మీద అతి నమ్మకం పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. వేపాకు కాచిన నీళ్ళు దురదకి హాయిగా ఉండొచ్చు, పిడుదుల్ని వదిలించవు. అవి మోసుకొచ్చే జ్వరంతో కుక్క రక్తం పడిపోతుంది, మన వేడి తేమ వాతావరణంలో అది మామూలు జబ్బు. యూకలిప్టస్, టీ ట్రీ లాంటి ఘాటు నూనెలు పిల్లికి ప్రాణాంతకం. కిరసనాయిలు పూయడం, పొలంలో కొట్టే పురుగుమందు పలచన చేసి పూయడం ఇంకా ఘోరం. పశువైద్యుడు రాసిన మందే వాడండి. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, పెద్ద ఊళ్ళలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రులున్నాయి. కుక్కకి రాసే మందుల్లో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్నది పిల్లిని చంపుతుంది, రెండూ ఉన్న ఇంట్లో ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పండి.

మందు తగ్గించే దారి ఇల్లు శుభ్రం చేయడంలో ఉంది. పిడుదు తన జీవితంలో ఎక్కువ కాలం కుక్క మీద ఉండదు. రక్తం తాగి రాలిపోయి, గోడ పగుళ్ళలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కుక్క పడుకునే చోట గోడ సందులు, గచ్చు బీటలు సున్నంతోనో సిమెంటుతోనో పూడ్చేయండి. సంక్రాంతికి వెల్ల వేసేటప్పుడు ఈ పని కూడా పెట్టుకుంటే ఖర్చు కలిసొస్తుంది. కుక్క చెవుల లోపల, వేళ్ళ మధ్య, మెడ పట్టీ కింద రోజూ వెతకండి. కనబడిన పిడుదుని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగి, సబ్బు నీళ్ళలో వేయండి. గోళ్ళతో నలపకండి.

వీపు మీద చుక్కలుగా వేసే మందుల సంగతి వేరు. ఇంగ్లండులో 20 నదుల నీళ్ళు పరీక్షిస్తే దాదాపు అన్ని నమూనాల్లోనూ ఫిప్రోనిల్ బయటపడిందని 2020లో సస్సెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. కుక్కలకీ పిల్లులకీ వేసే చాలా చుక్కల మందుల్లో ఉండే పురుగుమందు అది. నీటి పురుగులకి అది చాలా కొద్ది మోతాదులోనే విషం, వాటిని తినే చేపకీ కొంగకీ తిండి పోతుంది. తేలినీలాపురానికి ఏటా వలస వచ్చే కొంగలూ గూడబాతులూ తినేది మన చెరువుల్లోని చేపలే కదా. అందుకని మందు వేశాక కనీసం నాలుగైదు రోజులు కుక్కని చెరువులో, గెడ్డలో దిగనివ్వకండి. దాని దుప్పట్లు చెరువు గట్టున ఉతక్కండి. ఒళ్ళు కడిగే మందు నీళ్ళు మిగిలితే కాలవలో పారబోయకుండా, నీటి వనరులకి దూరంగా ఒట్టి నేల మీద పోయండి. వీలైతే నోటి మాత్ర పనికొస్తుందా అని వైద్యుణ్ణి అడగండి.

కొనక తప్పనివి, పెంట సంచీ, గొయ్యి

సీసా మీద, సంచి మీద ఆకు బొమ్మకి చట్టపరమైన అర్థమేమీ లేదు. ‘వెదురు గుడ్డ’ అని అమ్మే మెత్తటి బట్ట ఎక్కువగా వెదురుని రసాయనాల్లో కరిగించి తీసిన విస్కోసే. ‘కాలక్రమేణా విడిపోతుంది’ అని రాసిన ప్లాస్టిక్ సంచి చిన్న ముక్కలై కళ్ళముందు నుంచి మాయమవుతుంది, మట్టిలో మాత్రం ఉంటుంది. నిజంగా కుళ్ళే సంచి మీద ఐఎస్ 17088 అన్న ప్రమాణం, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన ధ్రువపత్రం నంబరు ఉండాలి. అదైనా 60 డిగ్రీల దాకా వేడెక్కే పెద్ద ఎరువు కేంద్రంలోనే చక్కగా కుళ్ళుతుంది, పెరటి గొయ్యిలో ఏళ్ళు పడుతుంది. అందుకని వీధిలో కుక్క పెంట ఎత్తడానికి పాత వార్తాపత్రికో విస్తరాకు ముక్కో చాలు. కాగితం గొయ్యిలో కలిసిపోతుంది, సంచి డబ్బులూ మిగులుతాయి.

పెరడు ఉన్నవాళ్ళు గొయ్యి తవ్వుకోండి. బావికీ బోరుకీ 50 అడుగుల దూరం తగ్గకూడదు. మెరక నేలలో రెండడుగుల లోతు, నీళ్ళు పైకే ఉండే తీరపు ఇసుక నేలలో అడుగు లోతు చాలు. కుక్క పెంట, పిల్లి తొట్టె పొట్టు, కాగితం అందులో వేసి ప్రతిసారీ గుప్పెడు ఎండాకు, దోసెడు మట్టి కప్పండి. నిండాక పూడ్చి పక్కన ఇంకోటి తవ్వండి. దాని మీద కొబ్బరో మందారమో పెట్టొచ్చు, కూరగాయలు వద్దు. కుక్క కడుపులో నులిపురుగుల గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి, అందుకే మూడు నెలలకోసారి నులిపురుగుల మందు కూడా వేయించండి. గొయ్యి మీద రేకు మూత వేసి పైన బరువైన రాయి పెట్టండి, లేకపోతే ఊరకుక్కలు రాత్రికి రాత్రి తవ్విపోస్తాయి.